ఫ్లూటు వచ్చే చోటు

ఆ వారం క్యాంటీన్లో సాంబారు కంటే ఎక్కువగా మరిగింది పాటల గొడవే. దానికి నిప్పు పెట్టింది షిఫ్టు బస్సు డ్రైవరు. పాతవాడు మానేసి కొత్తవాడు రావడంతో ఇస్నాపూర్ నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా రోజూ వినే పాటలు మారిపోయాయి. పాతవే నయమని కొందరు, ఇప్పటికి బతికించాడని కొందరు. బస్సు దిగేలోపే అది ఇళయరాజా గొప్పా రెహమాన్ గొప్పా అన్నదాకా వచ్చింది. మధ్యాహ్నానికి, అసలు మన పాటను మార్చిన మొనగాడెవరో తేల్చకుండా ఎవరూ చేతులు కడగకూడదన్నంత పంతానికి చేరింది.

రేకును కోసి, వంచి, ఫ్యాను రెక్కలూ మోటారు మూతలూ చేసే ఫ్యాక్టరీ అది. అందులో పాటల విషయంలో తీర్పు చెప్పాల్సింది ప్రవీణ్‌కుమారే. ప్రెస్‌షాపులో, రేకు మీద దెబ్బ వేసి వంచే యంత్రం దగ్గర, ఆపరేటరు. అతని తండ్రి సూర్యారావు కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి, సాయంత్రాలు కాలనీ ఆర్కెస్ట్రాలో అకార్డియన్ వాయించేవాడు. ఆ ఇంట్లో పుట్టినందుకు ప్రవీణ్‌కు ఏ పాటలో ఏ వాయిద్యం ఎక్కడ తొంగిచూస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడన్న పేరుంది. ఫ్యాక్టరీలో అతనికున్న ఆస్తి ఆ పేరొక్కటే. మిగతావన్నీ కాంట్రాక్టరువి.

"రెహమాన్ వచ్చినంకనే అన్నా, ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం సాఫ్‌గ ఇనిపిచ్చుడు షురువైంది," అన్నాడు శ్రావణ్‌కుమార్. మెయింటెనెన్సులో ఎలక్ట్రీషియన్, వయసులో అందరికంటే చిన్నవాడు, ఫోను చేతిలోంచి దించడు. "అంతకుముందు అంతా కలిపి కొట్టిన కిచిడీ."

"మీరు పటాన్‌చెరు దాటి ఆలోచించరేంటయ్యా?" స్టోర్స్ చూసే నరసరాజు పెరుగన్నం కలుపుతూ పెదవి విరిచాడు. "బీటిల్స్ లేకపోతే ఇళయరాజా చేతికి గిటారు ఎక్కడిది, మీ రెహమాన్‌కి ఆ శబ్దాలెక్కడివి? నలుగురు కుర్రాళ్లు ప్రపంచాన్నే తిప్పేశారు. బ్యాండంటే అదీ."

"బ్యాండంటే మా ఊరి పెండ్లి బ్యాండు," అన్నాడు సత్తయ్య, గిన్నెలోంచి తల ఎత్తకుండానే. జిన్నారం పక్క పల్లె అతనిది. ప్రెస్‌షాపులో అందరికంటే సీనియరు. "మీ సినిమా పాట మా ఊరికి ఎట్లొచ్చిందనుకుంటున్నవ్? రేడియోల రాలే. బారాత్‌ల బ్యాండోళ్ళు కొడ్తె వచ్చింది. వాళ్ళు కొట్టిన పాట బతికింది, కొట్టని పాట సచ్చింది. ఎవ్వడు గొప్పనో తేల్చింది గాళ్ళే." స్టీలు గ్లాసు బోర్లించి దానిమీద బారాత్ దెబ్బ వేశాడు. పక్క బెంచీ మీది ప్రెస్‌షాపు వాళ్లంతా అరిచి చప్పట్లు కొట్టారు. ప్రెస్‌షాపు వాళ్లెప్పుడూ సత్తయ్య పక్షమే.

"నువ్వు చెప్పన్నా," అన్నాడు శ్రావణ్.

ప్రవీణ్ నీళ్లు తాగి, తీర్పు చెప్పేవాడికి ఉండాల్సినంత ఆలస్యం చేసి అన్నాడు. "ఇళయరాజానే. ఎందుకంటవా? మిగిలినోళ్ళు పాటకు వాయిద్యం పెట్టిన్రు. ఆయన వాయిద్యంతోని ఇంకో పాట పాడిచ్చిండు. పల్లవి ఐపోయినంక ఫ్లూటు వస్తది సూడు, గాడ నీకు తెల్వకుండనే మెడ తిరుగుతది. గా ఫ్లూటు తీసేస్తే పాటల ఏం లేదు."

"గట్లనా? తీసేస్తే ఏం లేదా?" శ్రావణ్ నవ్వాడు. ఆ నవ్వులో ఏదో లెక్క ఉందని ప్రవీణ్ అప్పుడు గమనించలేదు.

అంతలో సేఫ్టీ ఆఫీసరు వచ్చి నోటీసు బోర్డుకు కాగితం గుచ్చాడు. గురువారం హెల్త్ చెకప్ వ్యాను వస్తుంది, ప్రెస్‌షాపు వాళ్లందరికీ చెవి పరీక్ష. అది చదివిన వాళ్లు పాటల సంగతి వదిలేసి సత్తయ్య వైపు చూశారు. ఈ పరీక్షకు గురువు సత్తయ్యే. ప్రతి ఏడాదీ కొత్తవాళ్లను కూర్చోబెట్టి చెబుతాడు.

"పెట్టెల కూసోబెట్టి చెవులకు హెడ్‌ఫోను పెడ్తరు. చేతికి బటనిస్తరు. సప్పుడు ఇనిపిస్తే ఒత్తాలె. మీరు చెవుల సంగతి మర్చిపోన్రి. ముందల అద్దముంటది, అవుతల మెషీన్ మీద పరీక్ష చేసే పిల్ల చెయ్యి ఉంటది. చెయ్యి కదిలిందా, ఒత్తు. ఆగిందా, ఆగు. గంతే. ఇన్నేండ్ల సంది నేను గిట్లనే పాసైతున్న."

"కిష్టప్ప ఎందుకు ఫెయిలయ్యిండు మరి?" అన్నాడు ఒకడు, జవాబు తెలిసే.

"కండ్లద్దాలు ఇంటికాడ మర్చిపోయిండు!" క్యాంటీనంతా నవ్వింది. చెవి పరీక్షకు కళ్లద్దాలు లేక ఫెయిలైన వాడి కథ ఆ ఫ్యాక్టరీలో ఎన్నిసార్లు చెప్పినా పాతబడలేదు. ప్రెస్ మీదకు పనికిరాడని రాశారు, కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు. కిష్టప్ప ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు తీస్తున్నాడు. కథలో ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ప్రవీణ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే తన ప్రెస్ దగ్గరికి నడిచాడు.

ప్రెస్‌షాపులోకి అడుగుపెట్టేముందు జేబులోంచి నారింజరంగు రబ్బరు బిరడాలు తీసి, ఎడమ చెవిలో ఒకటి పెట్టుకుని, రెండోది మళ్లీ జేబులో వేసుకున్నాడు. అందరూ అంతే. ఇది బద్ధకం కాదు, పని పద్ధతి. ప్రెస్సుకు ఒక మాట ఉంటుంది. డై అనే ఉక్కు అచ్చు బిగువుగా ఉన్నప్పుడు ఒక దెబ్బ, వదులైతే ఒక దెబ్బ. లోపల పగులు పట్టేముందు ఆ దెబ్బ చివర సన్నగా, గాజుమీద గోరు గీసినట్టు ఒక కూత. అది విని ప్రెస్ ఆపినవాడే ఆపరేటరు. వినకుండా డై పగలగొట్టినవాడి మీద సూపర్‌వైజరు అరిచే అరుపులు గేటు దాకా వినబడతాయి. అదే సూపర్‌వైజరు నెలకోసారి బిరడాలు పంచి, రెండు చెవులకూ పెట్టుకుంటున్నట్టు అందరిచేతా సంతకాలు తీసుకుంటాడు. రెండు చెవులూ మూయాలట, డై కూత కూడా వినాలట. ఇది ఎలా కుదురుతుందని అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఒక చెవి కంపెనీకి, ఒక చెవి ఇంటికి అనుకుని పంచుకున్నారు.

రేకు పెట్టాడు, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాడు, దెబ్బ పడింది. మూత తీసి ట్రేలో వేశాడు. మళ్లీ రేకు. కొంతకాలంగా అతను కుడి చెవిని కాక కుడి పాదాన్ని నమ్ముకుంటున్నాడు. దెబ్బ తేడాగా పడితే బూటులోంచి మడమకు తెలుస్తుంది. ఆ సన్న కూత విని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు. డైలు ఈమధ్య మంచివి వస్తున్నాయని తనకు తాను చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధాలకు సాక్ష్యాలు అక్కరలేదు కదా.

మర్నాడు శ్రావణ్ చిన్న స్పీకరు తెచ్చి క్యాంటీన్ బల్లమీద పెట్టాడు. చుట్టూ మామూలు కంటే ఎక్కువమంది చేరారు.

"ప్రవీణన్నా, నిన్న నువ్వు ఫ్లూటు వస్తదన్న పాటనే. జెర ఇను."

ప్రవీణ్ చేతులు తుడుచుకుని, తల కొంచెం వంచి కళ్లు మూసుకున్నాడు. గిటారు, తబలా, వెనక సన్నగా వయొలిన్లు. పాట చిన్నప్పటి నుంచీ తెలుసు. తండ్రి అకార్డియన్ మీద ఇదే పాట వాయిస్తూ ఫ్లూటు వచ్చే చోట ఆగి, ఇది నా పెట్టెకు రాదురా అనేవాడు. పల్లవి అయిపోయింది. ప్రవీణ్ చూపుడువేలు తనంతట తానే పైకి లేచింది.

"ఇగో... ఇగో వస్తున్నది... ఆఁ! సూడు." వేలు గాలిలో పైకి పోయి, వంపు తిరిగి, మెల్లగా కిందికి దిగింది. "ఒక్కడే మనిషి, ఒక్క వెదురుముక్క. ఇగ దీని ముంగట ఎవడు నిలవడ్తడు?"

కళ్లు తెరిచాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. శ్రావణ్ ముఖంలో మాత్రం గెలిచినవాడి సంతోషం లేదు.

"అన్నా... దీంట్ల ఫ్లూటు లేదన్నా," అన్నాడు మెల్లగా. ప్రవీణ్‌కు వినబడలేదేమోనని మళ్లీ కొంచెం గట్టిగా అన్నాడు. "ఫోన్ల యాపుంది, ఏ వాయిద్యం గావాలంటే అది తీసేస్తది. ఫ్లూటు తీసేసి తెచ్చిన. ఫ్లూటు లేకున్నా పాట నిలవడ్తదని నీతోని ఒప్పిద్దామని. నువ్వు వెంటనే పట్టేసి నన్ను తిడ్తవనుకున్న."

నరసరాజు బల్ల చరిచి మరీ నవ్వాడు. "జడ్జిగారు లేని ఫ్లూటుకి కూడా మార్కులేసేశారు!"

నవ్వు బెంచీలన్నీ చుట్టి వచ్చింది. ప్రవీణ్‌కు నవ్వే వాళ్లలో కలిసిపోవడం తప్ప వేరే దారి కనబడలేదు. "తెలిసే అట్లన్న. నా ముఖం సూసి మీరేం జేస్తరో సూద్దామని."

"నాకు తెల్సు, అన్న యాక్టింగు!" అన్నారెవరో. అలా గొడవ సర్దుకుంది. కానీ శ్రావణ్ స్పీకరు జేబులో పెట్టుకుంటూ అతనివైపు చూడలేదు. సత్తయ్య నవ్వలేదు. గిన్నెలో అన్నం మెతుకుల్ని వేలితో ఒక పక్కకు తోస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇల్లు చేరాక ప్రవీణ్ టీ కూడా అడగలేదు. లక్ష్మీప్రసన్న కిటికీ దగ్గర కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ఇస్నాపూర్‌లో ఆ వీధిలో సగం చీరల అంచులు ఆమె చేతిమీదుగానే పోతాయి. అతను ఫోనూ ఇయర్‌ఫోనూ తీసుకుని ఆమె పక్కన చాపమీద కూర్చున్నాడు.

"ఒకటి నువ్వు పెట్టుకో," అన్నాడు.

"ఏమిటీ, ఇవాళ కొత్తగా?" అంది, నవ్వొచ్చి ఆపుకుంటూ. సూది చీరకే గుచ్చి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది.

"ఫ్లూటు రాగానే వేలెత్తు. ముందుగా ఎత్తకు. వినబడ్డాకే."

అసలు పాట పెట్టాడు, ఏమీ తీసేయనిది. రెండోది తన కుడి చెవిలో ఉంది. గిటారు. తబలా. వయొలిన్లు ఉన్నాయా, ఉన్నాయనుకుంటున్నాడా? పల్లవి అయింది. లక్ష్మీప్రసన్న వేలు లేచింది. దారం చుట్టుకున్న వేలు, కొనమీద సూది గుచ్చుకున్న మచ్చలు. ఆ వేలు అలా నిలబడే ఉంది. అతని చెవిలో తబలా ఒక్కటే నడుస్తోంది, ఎవరూ లేని వీధిలో ఎవరో ఒక్కడే నడుస్తున్నట్టు. వేలు దిగింది.

"ఆపెయ్," అన్నాడు. ఆపాల్సింది తనే అన్న సంగతి కూడా తోచలేదు.

ఆమెకు విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "వినబళ్లేదా?"

"లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"తెలీదు. పాట నాకు నోటికొచ్చు కదా. వింటున్నాననే అనుకున్నాను."

ఆమె ఇయర్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. "కుక్కరు కూసినా లేవవు. నేను వెనకనుంచి పిలిస్తే పలకవు. పోయినేడు నాకు జ్వరమొచ్చినప్పుడు ఆ గదిలోంచి ఎంతసేపు పిలిచానో తెలుసా? నామీద విసుగనుకున్నాను. ఈ మనిషికి నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. ఇన్నాళ్లూ లోపల అదే పెట్టుకుని..." మాట మధ్యలో ఆపి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కోపమో ఏడుపో అతనికి తెలియలేదు. బహుశా ఆమెకూ తెలిసి ఉండదు.

అతను ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. "ఎల్లుండి పరీక్ష ఉంది," అన్నాడు.

"అయితే చెప్పెయ్. వినబడ్డం లేదని చెప్పెయ్."

"చెప్తే కిష్టప్పలాగే నన్నూ పంపేస్తారు."

"చెప్పకపోతే?"

అతను ఇయర్‌ఫోను తీగను ఫోనుకు చుట్టాడు. ఆమె చీర మళ్లీ ఒళ్లోకి లాక్కుని, సూది వెతుక్కుంది. "నీ ఉద్యోగం, నీ చెవి. నేనేం చెప్పను?" అంది. ఆ తర్వాత అతని ఎడమ పక్కకు వచ్చి కూర్చుంది. మాట్లాడాలనుకున్నప్పుడల్లా కొంచెం వంగి, అటువైపు నుంచి మాట్లాడింది. ఆ ఒక్క పనికి ప్రవీణ్‌కు కళ్లు తిరిగినంత దుఃఖం వచ్చింది.

బుధవారం క్యాంటీన్లో మళ్లీ అదే వాదం. ప్రవీణ్ ఆ రోజు వాదించలేదు, చూశాడు. నరసరాజు స్టోర్స్‌లో ఏసీ గదిలో కూర్చుంటాడు. అతనికి గిటారు తీగలో తేడాలు కావాలి. ఆఫీసు పిల్లలకు పాడేవాళ్ల గొంతులు కావాలి. శ్రావణ్ ప్రెస్ దగ్గరికి మరమ్మతుకు తప్ప రాడు, అతనికి వాయిద్యాలన్నీ విడివిడిగా కావాలి. ప్రెస్‌షాపు బెంచీకి మాత్రం బ్యాండు కావాలి, దెబ్బ కావాలి. కొత్తగా చేరిన ఒడిశా కుర్రాళ్లు తప్ప మిగతా ప్రెస్‌షాపంతా గ్లాసులు బోర్లించి కొడుతున్నారు. ఎంత పాతవాడైతే అంత గట్టిగా కొడుతున్నాడు. ప్రవీణ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

టీ వేళ సత్తయ్యను షెడ్డు వెనక రేకు తునకల కుప్ప దగ్గర పట్టుకున్నాడు. సత్తయ్య బీడీ వెలిగించి, ఎప్పటిలాగే ఎడమ భుజం ముందుకు పెట్టి నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడతాడు. అది అతని వాటం అనుకునేవాడు ప్రవీణ్. ఎడమ చెవి ఇటు పెట్టడమని ఇవాళే తెలిసింది.

"సత్తన్నా, నేను కొత్తగ చేరినప్పుడు నువ్వు బ్యాండు గురించి చెప్పినప్పుడల్ల క్లారినెట్ ముచ్చటే చెప్పేటోనివి. యాదికున్నదా? క్లారినెట్ వాయించే ముసలాయన ఎనక మీ ఊరి నుంచి పక్కూరి దాక నడిచిపోయినవంట. బువ్వ మీద సోయి లేకుంట."

సత్తయ్య ముఖం వెలిగింది. "ఎందుకు యాదికుండదు! పిల్లను పంపిచ్చేటప్పుడు గాయన వాయిస్తుంటే ఆడోళ్ళు ఆడనే కూలవడి ఏడ్సేటోళ్ళు. గది బ్యాండంటే."

"మరి ఇప్పుడు డప్పు, డ్రమ్ము అంటవ్ గని, ఒక్కనాడు క్లారినెట్ పేరెత్తవేంది?"

సత్తయ్య బీడీ పీల్చాడు. పొగ వదిలి కుప్పవైపు చూశాడు. "పోయినేడు మా అన్న మనుమరాలి పెండ్లికి బ్యాండు తెచ్చిన్రు. డీజే వద్దని నేనే కొట్లాడి పెట్టిచ్చిన. క్లారినెట్ ఆయన నా ముంగటనే నిలవడి వాయిస్తుండు. బుగ్గలుబ్బుతున్నయ్, ఏండ్లు ఆడుతున్నయ్. సప్పుడు లేదు. డ్రమ్ము ఒక్కటే లోపటికొస్తున్నది." ఛాతీమీద అరచేత్తో తట్టుకున్నాడు. "ఇగ అప్పటి సంది డ్రమ్మే గొప్ప అంటున్న. వచ్చేదాన్నే గొప్ప అనాలె గదా తమ్మీ."

"ఎవరికన్నా చెప్పినవా?"

"ఎవరికి చెప్పాలె? చెప్తే ఉంచుతరా?" బీడీ కాలితో నలిపాడు. "నిన్న నీ ఏలు లేసినప్పుడే నాకు సమజైంది. రేపు అద్దం దిక్కు మంచిగ సూడు. పరేషాన్ గాకు. మనం గాళ్ళను ఎన్నేండ్ల సంది ఉల్లూలను చేస్తలేం?"

గురువారం వ్యాను వచ్చి షెడ్డు పక్క నీడలో ఆగింది. ప్రెస్‌షాపు వాళ్లు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే మెట్లెక్కడం, కాసేపటికి నవ్వుతూ దిగడం. దిగినవాడు ఎక్కబోయేవాడికి కన్నుకొట్టి చేతి వేళ్లు ఆడించి చూపిస్తున్నాడు. ప్రవీణ్ వెనకే సత్తయ్య.

ప్రవీణ్ వంతు వచ్చింది. వ్యానులో ఒక మూల బీరువా అంత పెట్టె, దానికి అద్దం, అద్దానికి ఇవతల మెషీన్ ముందు ఒక అమ్మాయి. మెడలో కార్డు మీద పూజ అని ఉంది. పొద్దుటినుంచీ ఇదే పని చేస్తున్నట్టుంది, ముఖంలో నెత్తురు లేదు. హెడ్‌ఫోను పెట్టి, ముందు కుడి చెవికి అని చెప్పి, బటన్ చేతికిచ్చి తలుపు మూసింది. అద్దంలోంచి ఆమె కుడిచెయ్యి చక్కగా కనబడుతోంది. గాజులు లేని చెయ్యి, దీపం కింద, చూడమన్నట్టుగా.

మొదటి చప్పుడు మొద్దుగా వచ్చింది, వినబడింది. ఒత్తాడు. రెండోదీ వినబడింది. మూడోది విన్నాడో చేతిని చూశాడో తెలియలేదు. బొటనవేలు మాత్రం ఒత్తేసింది. అప్పుడు అతనికి లక్ష్మీప్రసన్న వేలు గుర్తొచ్చింది. దారం చుట్టుకుని అలా నిలబడిన వేలు. జ్వరంతో పక్కగదిలోంచి పిలిచిన పిలుపు ఎలా ఉండి ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాడు. ఊహలో కూడా గొంతు రాలేదు.

కళ్లు మూసుకున్నాడు.

చీకటిగా ఉంది, నెమ్మదిగా ఉంది. బటన్ మీద వేలు పెట్టుకుని, నిజంగా వినడానికి కూర్చున్నాడు. పాట వినడానికి కూర్చున్నట్టే. ఒకటి ఎక్కడో దూరంగా వచ్చింది, ఒత్తాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆమె ఏదో రాసుకుంటోందనుకున్నాడు. మెషీన్ ఆగిందేమో అనుకున్నాడు. తలుపు తెరుచుకున్న గాలి ముఖానికి తగిలాక కళ్లు తెరిచాడు.

"అంకుల్, నిద్రపోయిన్రా?"

"లేదమ్మా."

"ఐతే మళ్ల చేద్దాం." ఆమె విసుగ్గా కాదు, అలసటగా అంది. "ఈసారి కండ్లు తెరిచి కూసోన్రి."

ప్రవీణ్ ఆమెవైపు చూశాడు. "చెవి పరీక్షకు కండ్లెందుకమ్మా?"

పూజ తడబడింది. వెనక్కి తిరిగి వ్యాను తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. ప్రవీణ్ ఆమె పెదవుల్ని చూసి విన్నాడు. "నన్నేమనకున్రి అంకుల్. దీపం చేతిమీద పడేటట్టు పెట్టుకోమని, చెయ్యి మంచిగ కదిలియ్యమని మా ఆఫీసోళ్ళు ముందుగనే చెప్తరు. ఇసొంటి కంపెనీలల్ల అందరివి నార్మల్ రావాలె. రాకపోతే వచ్చే ఏడు ఇంకో వ్యానును పిలుస్తరు. అందరు చూసే ఒత్తుతరు, మీరే ఇట్ల..."

వెర్రివాళ్లైన ఉల్లూలు ఎవరో ప్రవీణ్‌కు అప్పుడు అర్థమైంది. ఏళ్లతరబడి సత్తయ్య కొత్తవాళ్లను కూర్చోబెట్టి నేర్పిన విద్య, కన్నుకొట్టి అందించుకున్న గుట్టు, గేటు దాటాక చెప్పుకుని నవ్విన నవ్వులు. అదంతా వాళ్లు దీపం పెట్టి మరీ చూపించిందే. కిష్టప్ప ఒక్కడే కళ్లద్దాలు మరిచి, పొరపాటున నిజం చెప్పాడు. అందుకే వాడు గేటు తీస్తున్నాడు.

"మళ్ల వద్దు," అన్నాడు హెడ్‌ఫోను తీసి ఆమె చేతిలో పెడుతూ. "ఇప్పుడు వచ్చిందే రాయి."

"రాస్తే మిమ్మల్ని ప్రెస్ మీద ఉంచరు అంకుల్."

"తెలుసు. ఉంచితే మిగిలింది కూడ పోతది."

ఆమె కొంచెంసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత రాసింది.

మెట్లు దిగాడు. రేపు ఏం చేయాలో తెలియదు. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం తెలుసు, అది చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి. ఎదురుగా సత్తయ్య, మెట్టుమీద కాలు పెట్టి, వేళ్లు ఆడించి కన్నుకొట్టాడు.

ప్రవీణ్ అతని ఎడమ చెవి దగ్గరికి వంగాడు. "సత్తన్నా. మనం గాళ్ళను ఉల్లూలను చేస్తలేం. గాళ్ళే మనల్ని చేస్తున్నరు. ఆ చెయ్యి మన కోసమే పెట్టిన్రు."

"ఏందీ?"

"చెయ్యి కనవడేటట్టు వాళ్ళే పెడ్తున్నరు. అందరం పాస్ గావాలె అని. ఇగ ఎవ్వడు ఏం అడగొద్దని."

సత్తయ్య అతని ముఖంలోకి చూశాడు. పరాచికమేమోనని వెతికి, కాదని తెలుసుకున్నాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్లాడు.

ఉక్కగా ఉందని పూజ వ్యాను తలుపు వేయలేదు. కింద నిలబడ్డ ప్రవీణ్‌కు ఆమె చెయ్యీ కనబడుతోంది, అద్దం వెనక సత్తయ్యా కనబడుతున్నాడు. సత్తయ్య హెడ్‌ఫోను సర్దుకున్నాడు. దీపం కింది చేతిని ఒకసారి చూశాడు, చాలాకాలంగా తెలిసిన మనిషిని చూసినట్టు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

పూజ చెయ్యి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఆమె ఒక మీట తిప్పి, మళ్లీ ఒత్తింది. సత్తయ్య బొటనవేలు బటన్ మీద అలాగే ఉంది. పెళ్లికి ముందుగా వచ్చి బ్యాండు కోసం చూస్తున్న చుట్టంలా నిమ్మళంగా కూర్చున్నాడు. ఆమె ఇంకో మీట తిప్పింది, ఒత్తింది, ఒత్తుతూనే ఉంది.

కాసేపటికి సత్తయ్య కళ్లు తెరవకుండానే, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియనివాడిలా, పెట్టె బయటకూ వ్యాను బయటకూ వరసలో నిలబడ్డ అందరికీ వినబడేట్టు అడిగాడు.

"ఏం బిడ్డా, ఇంకా షురూ చెయ్యవా?"

వరసలో ఎవరూ నవ్వలేదు. పూజ చెయ్యి మెషీన్ మీదే ఆగిపోయింది.